తలవణకునకు విషవైద్యము

సభలో పెద్దవారొకరు కూర్చుండి, ఎవరేమి చెప్పినను “కాదు, కాదు” అన్నట్లు తల నాడించుచుండుట మనలో పలువురు చూచియే యుందుము. ఆయన కాదనుట లేదు. తల తనంతట వణకుచున్నది. చేతివణకైనచో చేతులు ముడుచుకొని దాచవచ్చును. తలను దాచు చోటేది? ఈ సిగ్గుచేత పెండ్లి పేరంటములకు పోవుట మానుకొనువారును కలరు. చేతులకు కొంత మేలుచేయు మాత్రలు తలకు అంతగా పనిచేయవు.

దీనికి వైద్యులు బొటులినమను విషమును పరీక్షించిరి. గాలి సోకక నిలువయున్న మాంసమున ఒక సూక్ష్మజీవి దానిని పుట్టించును. 1895లో బెల్జియములో అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాండ్రు పంది తొడమాంసము తిని జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ ఆచార్యుడు ఆ మాంసమునుండియే సూక్ష్మజీవిని వేరుచేసెను. నరము కండరమును కదలించుటకు ఎసిటైల్‌కొలీనను పదార్థమును విడుచును. ఈ విషము దానిని విడువనీయదు, కండరము సడలును. మోతాదు అత్యల్పమైనచో ఆ సడలింపు సూది గుచ్చినచోటనే యుండి, సుమారు మూడు నెలలకు తీరిపోవును. అమెరికాలో ఎలన్ స్కాట్ మెల్లకంటికి దీనిని వాడెను. 1989లో అచ్చటి ప్రభుత్వ అనుమతి లభించెను.

తలవణకు విషయమున ఫ్రాన్సు వైద్యులు 117 మందిపై జరిపిన పరీక్ష 2023లో ప్రకటితమైనది. 62 మందికి మందు, 55 మందికి మందులేని సూది. ఎవరికేది యిచ్చిరో రోగికిగాని, వైద్యునికిగాని తెలియదు. ఇంత గోప్యమేల యని శ్రోతలు అడుగవచ్చును. మనసు కలతపడినపుడు వణకు హెచ్చును, కుదుటపడినపుడు తగ్గును. మంచి మందు పడినదను నమ్మకమే కొంత తగ్గింపగలదు. అది వేరు, మందు గుణము వేరు. మెడవెనుక ఇరుప్రక్కల కండరములలో, వాని విద్యుత్సంకేతములను గమనించుచు, 12 వారముల ఎడముతో రెండుమారులు సూదివేసిరి.

18వ వారమున చూడగా, మందు పొందినవారిలో నూటికి 31 మందికి చెప్పుకోదగిన గుణము కనబడెను. మందులేని సూదివారిలోను నూటికి 9 మందికి కనబడెను! ఆ తొమ్మిదిని లెక్కింపనిచో మందు గొప్పతనము మరింత పెద్దదిగా కనబడెడిది.

అయినను మందు పొందినవారిలో సుమారు సగముమందికి మెడనొప్పియో, మెడ బలహీనతయో, మ్రింగుటకు కష్టమో కలిగెను. తలను నిలుపు కండరములనే సడలించుచున్నారు గదా! వృద్ధులకు మ్రింగుట కష్టమగుట చిన్న సంగతి కాదని మా అభిప్రాయము. 24వ వారమునకు ఇరువర్గముల నడుమ స్పష్టమైన భేదము కానరాలేదు. మేలు నిలువవలెనన్న సూదికై మరల పోవలసినదే.