వాచీ తప్పా, వాడకం తప్పా?

రోజుకు 86,400 సెకన్లు. వాటిలో సగటున నాలుగు సెకన్లు వెనుకబడినా, ఆరు సెకన్లు ముందుకు పోయినా ఆ వాచీ యంత్రం మేలైనదేనని స్విట్జర్లాండులోని అధికార క్రోనోమీటరు పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. లక్షలు పోసి కొన్న ఆటోమేటిక్ వాచీ రోజుకు ఐదు సెకన్లు ముందుకు నడిస్తే అది జబ్బు కాదు, దాని స్వభావం. నిమిషాల కొద్దీ తేడా వచ్చినప్పుడూ, తెల్లవారేసరికి ఆగిపోయినప్పుడూ మాత్రమే కారణం వెదకాలి. ఆ కారణం చాలాసార్లు వాచీ లోపల ఉండదు.

చెయ్యి కదలికతోనే స్ప్రింగు బిగిసే చేతి గడియారానికి ఇంగ్లండు నిపుణుడు జాన్ హార్‌వుడ్ 1924లో స్విస్ పేటెంటు పొందాడు. 1931లో రోలెక్స్ సంస్థ, అర్ధచంద్రాకారపు బరువు బిళ్ల గుండ్రంగా పూర్తిగా తిరిగే ఏర్పాటు తెచ్చింది. నేటి ఆటోమేటిక్ వాచీలలో అత్యధికం ఆ పద్ధతివే. చెయ్యి కదలకపోతే వీటికి ఆహారం లేదు. రోజంతా కుర్చీలో కూర్చునేవారి చేతికీ, మంచం పట్టిన పెద్దవారి చేతికీ ఉన్న వాచీ రాత్రికి ఆగిపోవడంలో ఆశ్చర్యమేముంది? కీ ఇచ్చే సదుపాయం ఉంటే ముప్పై, నలభై చుట్లు నిదానంగా తిప్పి, రెండు రోజులు పెట్టుకుని చూడాలి.

వాచీ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తితే అయస్కాంతాన్ని అనుమానించాలి. సెల్‌ఫోను స్పీకరు, చేతిసంచి అయస్కాంతపు బిళ్ల చాలు. వెంట్రుకవంటి సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని చక్రం త్వరత్వరగా ఊగుతుంది. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు చలించడం దీనికి ఒక సూచన. పనివాడు తగిన పరికరంతో క్షణాలలో ఆ గుణాన్ని పోగొట్టగలడు. దీనికి వాచీ విప్పనక్కరలేదు.

కొద్ది సెకన్ల తేడాకు ఇంటి వైద్యమూ ఉంది. రాత్రి వాచీని ముఖం పైకి పెట్టి ఒక వారం, కీ బొడిపె పైకి ఉండేలా నిలబెట్టి మరొక వారం ఉంచి, రోజువారీ తేడా కాగితం మీద రాసుకోవాలి. భూమ్యాకర్షణ వల్ల భంగిమను బట్టి నడక మారుతుంది. పగటి తేడాను రాత్రి భంగిమ సరిదిద్దవచ్చు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు వరకు మాత్రం తేదీ మార్చరాదు. చాలా వాచీలలో ఆ వేళ తేదీ పళ్లచక్రాలు పట్టులో ఉంటాయి. బలవంతం చేస్తే పళ్లు విరగవచ్చు.

ఇవన్నీ ఫలించకపోతేనే నిపుణుని వద్దకు వెళ్లాలి. అతడు టిక్‌టిక్ శబ్దాన్ని యంత్రంతో విని, చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతున్నదో చూస్తాడు. నూనె ఎండి ఊపు తగ్గిన వాచీకి నడక మాత్రమే సరిచేయడం, జ్వరానికి కారణం చూడకుండా వేడి తగ్గించడమే. వాచీ కొన్నాళ్లు సరైన సమయమే చూపుతుంది. ఎండిన ఇరుసులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. అందుకే తొలి ప్రశ్న “ఎంత తేడా?” అన్నది కాదు, “ఎందుకు తేడా?” అన్నది. ఆ ప్రశ్న వేసే పనివాని చేతిలో తాతగారి వాచీ మనుమడి చేతికి క్షేమంగా చేరుతుంది.