గొలుసు రంపానికి గుక్కెడు నూనె

వర్షాకాలపు గాలివానకు సూరత్ వీధిలో మహావృక్షం ఒకటి కూలిందనుకోండి. దాని వెనుక నిలిచిపోయిన అంబులెన్సుకు ప్రతి నిమిషమూ విలువైనదే. అప్పుడు అగ్నిమాపక సిబ్బంది చేతిలోని పెట్రోలు గొలుసు రంపం మొరాయించరాదు. అది మొరాయించకుండా ఉండడం చాలావరకు పెట్రోలులో కలిపే కొద్దిపాటి నూనెపై ఆధారపడి ఉంటుంది.

కారు ఇంజనుకు అడుగున నూనె నిలవ ఉంటుంది. టూ-స్ట్రోక్ ఇంజనుకు అటువంటి ఏర్పాటు లేదు. పెట్రోలుతో కలిసి లోనికి వెళ్ళిన నూనె పిస్టనుకు, బేరింగులకు రాపిడి తగ్గించి, చివరకు తానూ కాలిపోతుంది. కనుక మంచి నూనెకు రెండు గుణాలుండాలి: ఉన్నంతసేపు లోహాన్ని కాపాడడం, కాలిపోయాక మసి మిగల్చకపోవడం. కారు ఇంజను నూనెకు ఈ రెండవ గుణం లేదు. అది బూడిదను మిగులుస్తుంది.

కొనేటప్పుడు రంగును చూడకండి. ఎరుపైనా, నీలమైనా అది పెట్రోలులో నూనె కలిసిందని గుర్తించడానికి వేసిన రంగు మాత్రమే. డబ్బాపై ‘జాసో’ అనే జపాను ప్రమాణపు గుర్తు చూడండి. ఎఫ్.బి. కంటె ఎఫ్.సి. తక్కువ పొగ విడుస్తుంది, ఎఫ్.డి. ఇంజను లోపలి భాగాలను మరింత శుభ్రంగా ఉంచుతుంది. గొలుసు రంపానికి ఎఫ్.డి. శ్రేష్ఠం. పడవ మోటార్ల నూనె నీటితో చల్లబడే ఇంజనులకు ఉద్దేశించినది. గాలితో చల్లబడుతూ, నిమిషానికి పన్నెండు వేల చుట్లు పైగా తిరగగల రంపానికి అది తగదు.

పాలు కూడా ముఖ్యమే. అనేక రంపాలకు 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు, అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. కొన్నిటికి 40 కావాలి. యంత్రంతో వచ్చిన పుస్తకం చెప్పినదే ప్రమాణం. తక్కువైతే పిస్టను పట్టివేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది.

ఇప్పటి మన పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సూరత్ వంటి తేమ ప్రదేశంలో మిశ్రమాన్ని ఏ పూటకు ఆ పూట కలుపుకోవడం, పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేయడం మేలు.

నూనెలో మిగిల్చేది కొద్ది రూపాయలు. పిస్టను, సిలిండరు మార్చాలంటే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?