బొంత అంచుకు ఐమూల పట్టీ

పాత చీరల బొంత మొదట చిరుగునది నడుమ కాదు, అంచున. పడుకొనువారు పట్టి లాగునదియు, ఉతుకునప్పుడు బండకు ఒరయునదియు అంచే. కనుక దానికి వేయు పట్టీని ఏ దిక్కున కత్తిరించవలెనన్నది బొంత కుట్టు సోదరీమణులకు చిన్న ప్రశ్న కాదు.

గుడ్డను పడుగు వెంట గాని, పేక వెంట గాని లాగి చూడుడు; అంతగా సాగదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు లాగినచో ఇట్టే సాగును. దర్జీలు క్రాసు అనునది ఈ ఐమూల దిక్కునే. నిలువుగా కోసిన పట్టీని మడచినప్పుడు మడత పొడవునా రాపిడిని కొద్ది పోగులే భరించును. అవి తెగెనా, చీలిక బారెడు పోవును. ఐమూల పట్టీలో మడతను ఎన్నో పోగులు ఏటవాలుగా దాటుచుండును. ఒకటి తెగినను తక్కినవి పట్టి యుంచును. గుండ్రని మూలలకు ముడతపడక ఒదుగునదియు ఇదియే.

అయితే ఆ సాగుడే బొంత ముక్కలలో చేరినచో ముప్పు. మేము తొలిసారి కుట్టినప్పుడు చదరపు ముక్కలను ఒకే ఐమూల గీతపై రెండేసిగా కోసి, పొడవు వైపులను వెలుపలికి ఉంచితిమి. కుట్టు ముగియునప్పటికి అంచు అప్పడమువలె అలలు తిరిగినది. అమ్మ కట్టిన చీరల ముక్కలవి. మరల దొరకునవి కావు. అంచు వెంట సన్నని దారపు కుట్టు వేసి, నడుమ కొలతకు సరిపడునట్లు మెల్లగా దగ్గరకు లాగి ఎట్లో దిద్దుకొంటిమి. ఆ చదరములనే రెండు ఐమూల గీతలపై నాలుగేసి ముక్కలుగా కోసియున్నచో, పొడవు వైపు పడుగు వెంటనో పేక వెంటనో పడి సాగకుండెడిది.

ఇక లెక్క. 60 అంగుళముల వెడల్పు, 90 అంగుళముల పొడవు గల బొంత చుట్టుకొలత 300 అంగుళములు. మూలలకు, చివరి అతుకునకు మరి 12 కలుపుడు. పట్టీ వెడల్పు రెండున్నర అంగుళములైనచో 30 అంగుళముల చదరపు గుడ్డ చాలును. 900ని రెండున్నరచే భాగించిన 360 వచ్చును గనుక అతుకులలో కొంత పోయినను కొరత రాదు. పట్టీల ఏటవాలు చివరలను అట్లే ఉంచి కలుపవలెను. అడ్డముగా కోసి అతికినచో అతుకు ఒకేచోట గడ్డకట్టును.

పట్టీని పొడవునా మడచి కుట్టునప్పుడు లాగరాదు; లాగినచో బొంత అంచు ముడుచుకొనును. వెలుపలికి తిరుగు మూల వద్ద కాస్త వదులుగా, లోపలికి తిరుగు వంపు వద్ద కాస్త బిగువుగా పట్టవలెను. ఇస్త్రీపెట్టెను అదిమి ఎత్తవలెనే గాని ఈడ్వరాదు.

తిన్నని అంచులే గల బొంతకు చీర అంచునే పట్టీగా వేయువారు కలరు. నేతలోనే దిట్టమైనది గనుక తప్పు కాదు, చూడముచ్చటగాను ఉండును. గుండ్రని మూల వద్ద మాత్రము అది లొంగదు.