ఒక్కరోజు సెలవు... ఎటు వెళ్లినా చరిత్రే

ఇచ్ఛాపూర్ కూడలి నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో సముద్ర యుద్ధాలు, ఉప్పు కళ్లాలు, వెయ్యేళ్లకు పైబడిన నిప్పు

ఇచ్ఛాపురం అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా చివర, ఒడిశా సరిహద్దులోని పట్టణం. దేశానికి అవతలి కొసన, గుజరాత్‌లో, దాదాపు అదే పేరుతో మరో ఊరుంది. సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలోని ఇచ్ఛాపూర్. ఊళ్లో వజ్రాలు, నగల తయారీ పార్కు. ఊరు దాటితే ఉక్కు, ఎరువులు, గ్యాస్ కర్మాగారాలు. రోజంతా లారీల బారు. విహారయాత్రకు ఇంతకంటే నిరుత్సాహకరమైన ఆరంభం ఉండదనిపిస్తుంది. కానీ సూరత్ వాసికి సముద్రం చూడాలనిపిస్తే దగ్గరి దారుల్లో ఇదొకటి.

ఆ సూరత్ వాసుల్లో తెలుగువారు తక్కువేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పెద్ద సెలవులొస్తే సొంతూరు రైలెక్కుతారు. మగ్గం ఆగే ఒక్కరోజు సెలవుకు మాత్రం ఊరెళ్లడం కుదరదు. పిల్లలను ఎక్కడికైనా తీసుకెళ్లాలి, చీకటి పడేసరికి తిరిగి రావాలి, ఖర్చు చేతికి అందేలా ఉండాలి. ఈ లెక్కన చూస్తే దక్షిణ గుజరాత్ చాలా ఉదారమైన ప్రాంతం.

ముందుగా సువాలి. ఇచ్ఛాపూర్ నుంచి హజీరా వైపు వెళ్లి, కర్మాగారాల గోడల పక్కనుంచి మళ్లితే నల్లటి ఇసుక తీరం వస్తుంది. గోవాను ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. నీళ్లు బురద రంగులో ఉంటాయి. చరిత్ర తెలిసినవారికి మాత్రం ఇది మామూలు తీరం కాదు. 1612 నవంబరు చివర్లో ఈ తీరం ఎదుటే కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ ఓడలు పోర్చుగీసు యుద్ధనౌకలను తిప్పికొట్టాయి. ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘స్వాలీ’ యుద్ధంగా కనిపించేది ఈ సువాలి పోరే. ఆ దెబ్బతో మొగలు దర్బారులో కంపెనీ పరపతి పెరిగి, సూరత్‌లో వర్తక స్థావరానికి దారి సుగమమైంది. అయితే అప్పటికే, 1611లోనే, కంపెనీ ఓడ మచిలీపట్నం చేరి అక్కడ వ్యాపారం మొదలుపెట్టిన సంగతిని తెలుగువారు కాస్త గర్వంగానో, కాస్త చేదుగానో గుర్తు చేసుకోవచ్చు.

సువాలిలోనైనా, తాపీ నదికి అవతలి ఒడ్డున ఉన్న డుమస్‌లోనైనా నీళ్లలో దిగేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. దేశంలో ఆటుపోట్ల తేడా అత్యధికంగా ఉండేది ఖంభాత్ సింధుశాఖలోనే. ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి మైదానంలా కనిపిస్తుంది. పోటు వచ్చేటప్పుడు అంతే వేగంగా ముందుకొస్తుంది. ఇసుక మీద దూరంగా నడిచి వెళ్లినవారికి, కార్లు దింపినవారికి ఇది తెలిసేసరికే ఆలస్యమవుతుంది. డుమస్‌లో దయ్యాలున్నాయన్న ప్రచారం ఇంటర్నెట్‌లో జోరుగా సాగుతోంది గానీ, అక్కడ భయపడాల్సింది పోటుకే. ఆ తీరంలో టొమాటో భజియా తిని, ఒడ్డునే కూర్చుని, సూర్యాస్తమయం చూసి రావడం క్షేమం. చలికాలంలో వెళితే సూరత్‌లో ‘పోంక్’ వదలకూడదు. లేత జొన్న కంకులు కాల్చి రాల్చిన గింజలవి. ఊచబియ్యం తిని పెరిగినవారికి ఆ రుచి పరిచయం చేయనక్కర్లేదు.

చరిత్ర కోసమే అయితే దారి దక్షిణానికి. నవసారి మీదుగా దండి చేరడానికి ఒక పూట చాలు. 1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయల్దేరిన గాంధీ ఏప్రిల్ 5న ఇక్కడికి చేరి, మర్నాడు ఉదయం ఉప్పు తీశారు. ఆ 78 మందిలో ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యం కూడా ఉన్నారు. 2019 జనవరి 30న ప్రారంభమైన జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకంలో నాటి యాత్రికుల నిలువెత్తు విగ్రహాలు వరసగా నడుస్తున్నట్టు నిలబెట్టారు. పిల్లలు ఆ వరసలో దూరి ఫొటోలు దిగుతారు. గాంధీ బస చేసిన సైఫీ విల్లా దగ్గర్లోనే ఉంది.

చాలామంది అక్కడి నుంచే వెనుదిరుగుతారు. అది పొరపాటు. అక్కడికి దగ్గర్లోని కరాడిలో గాంధీ తాటాకు గుడిసెలో ఉండగా మే 4 అర్ధరాత్రి దాటాక అరెస్టు చేశారు. తర్వాతి లక్ష్యంగా ఆయన ప్రకటించిన ధరాసణ ఉప్పు కళ్లాలు ఇంకా దక్షిణాన, వల్సాడ్ జిల్లాలో ఉన్నాయి. ఆయన తర్వాత పగ్గాలు పట్టిన అబ్బాస్ త్యాబ్జీ కూడా అరెస్టయ్యారు. దాంతో మే 21న రెండున్నర వేలమంది సత్యాగ్రహులను ముందుండి నడిపించింది హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు. వరస తర్వాత వరసగా వచ్చి, చెయ్యెత్తకుండా లాఠీ దెబ్బలు తిన్నవారి గురించి అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ పంపిన వార్త ప్రపంచాన్ని కదిలించింది. దండికి దక్కిన వైభవం ధరాసణకు దక్కలేదు. రక్తం చిందింది మాత్రం ఇక్కడే.

తూర్పుకు వెళితే సూరత్‌కు 35 కి.మీ. దూరంలో బార్డోలి. 1928లో శిస్తు 22 శాతం పెంచినప్పుడు రైతులు కట్టబోమని భీష్మించారు. చివరకు విచారణ తర్వాత పెంపు 6 శాతం చిల్లరకు దిగింది. వల్లభ్‌భాయ్‌కి ‘సర్దార్’ పేరు స్థిరపడిందీ అప్పుడే. అక్కడి స్వరాజ్ ఆశ్రమం చూసి, తాపీ ఒడ్డున హరిపురాకు వెళ్లొచ్చు. 1938లో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడిగా సుభాష్ చంద్రబోస్ 51 ఎద్దులు లాగిన రథంపై ఊరేగిన పల్లె ఇది. మరుసటి ఏడాది ఆయన రెండోసారి పోటీ చేసి 1,580 ఓట్లతో గెలిచారు. ఓడిన అభ్యర్థి మన పట్టాభి సీతారామయ్య.

ఇంకాస్త తీరిక ఉంటే ముంబయి రైలు మార్గంలో ఉద్వాడా. ఇరాన్ నుంచి వచ్చిన పార్సీలు సంజాన్‌లో ప్రతిష్ఠించి, ఆపైన చోట్లు మారుస్తూ కాపాడుకున్న పవిత్రాగ్ని 1742 నుంచి ఇక్కడే వెలుగుతోంది. ఇతర మతస్థులకు ఆలయ ప్రవేశం లేదు. పాత పార్సీ ఇళ్లున్న వీధుల్లో తిరగడమే అసలు దర్శనం. అక్కడికి కాస్త దక్షిణాన డామన్. 1961 దాకా పోర్చుగీసు ఏలుబడిలో ఉన్న ఊరు. కోట, చర్చిలు చూడదగ్గవే. అయితే మద్యనిషేధం అమల్లో ఉన్న గుజరాత్ నుంచి వచ్చే వాహనాలన్నీ చర్చిల కోసమే వస్తాయని ఎవరూ అనుకోరు.

కొండలు కావాలనేవారికి డాంగ్ అడవుల్లోని సాపుతారా ఉంది గానీ, 160 కి.మీ.ల ఘాట్ ప్రయాణం ఒక్కరోజుకు ఎక్కువే. హజీరా నుంచి ఘోఘాకు 2020 నవంబరులో మొదలైన ఫెర్రీకీ ఇదే చిక్కు. 370 కి.మీ.ల రోడ్డు దూరాన్ని 90 కి.మీ.ల సముద్ర ప్రయాణంగా మార్చింది నిజమే. టికెట్ కొనేముందు తిరుగు ఓడ వేళ చూసుకోవాలి. లేకపోతే ఆ రాత్రి భావ్‌నగర్‌లోనే మకాం.