అమెరికా పడమటి విస్తరణము: భూమి కోలుపోయినవారు, చెమటోడ్చినవారు



నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులు పని చేసి విశ్రాంతి గొన్నవాడను. గురువులకడ నేను చదివినది కావ్యములును వ్యాకరణమును. ఐనను మాది చిన్న యూరి బడి యగుటచే చరిత్ర భూగోళములు గూడ నేనే చెప్పవలసి వచ్చెడిది. అమెరికా పాఠము వచ్చినప్పుడు గోడకు పటము తగిలించి, తూర్పు తీరమునందలి పదమూడు రాష్ట్రములను బెత్తముతో చూపి, "ఇచ్చటినుండి వారు పడమటనున్న ఖాళీ భూములకు వ్యాపించిరి" అని యేటేట చెప్పుచుంటిని. ఒకనాడు వెనుక వరుసనుండి యొక బాలుడు లేచి, "అంత భూమి ఎవరిదీ కాకుండా ఎట్లా ఉందండీ, మాస్టారూ?" అని యడిగెను. వాడు రైతు బిడ్డ. ఎవరిదియు గాని భూమి యొక సెంటైనను వాని యెఱుకలో లేదు. నాకు సమాధానము తోచక "కూర్చో" అంటిని. నాడు చెప్పలేని యుత్తరమును నేడు చెప్పుటకు ఈ ప్రసంగమును పూనుకొంటిని.

1492లో కొలంబసు సముద్రము దాటి యాప్రాంతపు దీవులను చేరినప్పుడు తాను మన దేశపు సమీపమునకు వచ్చితినని భ్రమపడెను. అందుచే అచ్చటి ప్రజలకు ఇండియనులను పేరు కలిగినది. వారు ఒక్క జాతివారు కారు. వందలకొలది జాతులు, వందలకొలది భాషలు. తూర్పు భాగమున చాల జాతులవారు ఊళ్లు కట్టుకొని, మొక్కజొన్నయు, చిక్కుడు జాతి కాయలును, గుమ్మడియు నొక్కచోటనే పండించుకొనుచుండిరి. సేద్యపు భూమి వేఱు, వేటభూమి వేఱు. రెండింటికిని ఎల్లలు కలవు. అయితే ఆ భూమి జాతికంతకు నుమ్మడి సొత్తు. ఒక్కొక్కని పేర పట్టా లేదు. తెల్లవారి వెంట వచ్చిన మశూచి మొదలగు రోగములచే ఊళ్లకూళ్లు పాడుపడెను. తరువాత వచ్చినవారు ఆ పాడులను జూచి, ఈ దేశము నిర్జనమనిరి. నా పాఠములోని "ఖాళీ" యను మాట యట్లు పుట్టినది.

ఇంగ్లండు ప్రభుత్వము 1763లో అపలేచియను పర్వతములను హద్దుగా నిర్ణయించి, అవి దాటి పడమట కాపురములు పెట్టరాదని యాజ్ఞాపించెను. వలసవారు దానిని మన్నింపలేదు. వారు స్వతంత్రులైన పిమ్మట 1783 నాటి సంధిలో ఇంగ్లండు మిసిసిపీ నదివఱకుగల దేశమును వారికి విడిచిపెట్టెను. ఆ దేశమున నివసించుచున్న జాతులలో నొక్కరిని గూడ ఆ సంధికి పిలువలేదు.

1787లో క్రొత్త ప్రభుత్వము ఒహాయో నదికి ఉత్తరమునగల భూములనుగూర్చి యొక చట్టము చేసినది. అందు రెండు మాటలు ముఖ్యమైనవి. ఇండియనుల భూమిని వారి సమ్మతి లేనిదే తీసికొనరాదనునది మొదటిది. ఆ ప్రాంతమున బానిసత్వము పనికిరాదనునది రెండవది. మొదటి మాట యెనిమిదేండ్లయినను నిలువలేదు. యుద్ధములు జరిగి, 1795 నాటికి ఒహాయో దేశములో నధికభాగము వారి చేయి జాఱెను. రెండవ మాట చాలవఱకు నిలిచినది. కాని నదికి దక్షిణమున అట్టి నిషేధము లేదు. ఈ వ్యత్యాసమును పెద్దలు జ్ఞప్తియందుంచుకొనవలెను. మీదట వచ్చిన మహాకలహమునకు బీజమిందున్నది.

ఇక పత్తి సంగతి. ఆ దేశపు లోతట్టు ప్రాంతములలో పండెడి పొట్టిపింజ పత్తికి గింజ గట్టిగా నంటుకొనియుండును. చేతితో దినమంతయు తీసినను ఒక మనిషి తీయగల దూది స్వల్పము. 1793లో విట్నీ యనునతడు గింజ విడదీయు యంత్రమును కల్పించెను. మన పత్తి సీమలలో జిన్ను అని పిలుచు యంత్రమునకు అది పూర్వరూపము. యంత్రము వచ్చినచో కూలివానికి శ్రమ తగ్గవలెను గదా! అచ్చట విపరీతము జరిగినది. గింజ తీయుట సులభమగుటచే పత్తి యెంత పండించినను లాభమే యైనది. పండించుటకును ఏరుటకును మనుష్యులు కావలసివచ్చిరి. 1790లో ఆ దేశమున బానిసలు సుమారు 7 లక్షల మంది. 1860 నాటికి వారు 40 లక్షలకు చేరువైరి.

మనుష్యులు దొరకిరి, భూమి యెచ్చట? జార్జియా పడమటి భాగము, అలబామా, మిసిసిపీ ప్రాంతములు పత్తికి మిక్కిలి యనుకూలమైనవి. అలబామా మధ్యభాగమున మన రేగడివలె నల్లనినేల కలదు. ఆ నేల యంతయు క్రీకు, చెరోకీ, చాక్తా, చికసా జాతులది. ఫ్లారిడాలో సెమినోలులు గలరు. 1814లో ఆండ్రూ జాక్సను అను సేనాని క్రీకులలో నొక పక్షమును యుద్ధమున జయించి, ఆ జాతిచే 2 కోట్ల ఎకరములకు పైగా వ్రాయించుకొనెను. తన పక్షమున పోరాడిన క్రీకుల భూమిని గూడ విడువలేదు. ఆ యుద్ధమున చెరోకీ యోధులు వందలకొలదిగ జాక్సనునకు తోడుపడిరి. ఈ సంగతి మఱల వచ్చును.

చెరోకీలకు తెల్లవారు చిరకాలము ఒక హితవు చెప్పుచుండిరి: వేట మాని సేద్యము చేయుడు, చదువుకొనుడు, వ్రాతమూలకమగు శాసనములు చేసికొనుడు, మీకు మేలు కలుగును అని. చెరోకీలు ఆ మాట నమ్మి అట్లే చేసిరి. వారిలో సెక్వోయా అను వెండిపనివాడు ఉండెను. అతనికి ఇంగ్లీషు చదువ రాదు. కాగితముపై గీతలు మాటాడునని మాత్రము గ్రహించి, యేండ్లతరబడి కష్టపడి, 1821 నాటికి తన భాషకు లిపి కల్పించెను. మనము 'క'కు గుడియు కొమ్మును చేర్చి 'కి', 'కు' వ్రాయుదుము. అతడు అట్టి ప్రతి ధ్వనికిని వేఱు వేఱు అక్షరమును పెట్టెను. మొత్తము ఎనుబదికి పైచిలుకు అక్షరములు. కొలది కాలములోనే జాతిలో అనేకులు చదువ నేర్చిరి. అక్షరములు దిద్దించుటలో జీవితము గడపిన నాకు ఆ మనుష్యుని తలచినప్పుడు చేతులు జోడింప బుద్ధి పుట్టును. 1827లో వారు తమ రాజ్యాంగమును వ్రాసికొనిరి. 1828లో తమ భాషలో పత్రికను అచ్చొత్తిరి.

మేలు కలిగెనా? కలుగలేదు. చెరోకీల భూమి తమదేయని జార్జియా ప్రభుత్వము వాదించుచుండెను. ఇంతలో అందు బంగారము బయటపడెను. 1830లో అధ్యక్షుడుగా నున్న ఆ జాక్సనే ఇండియనులను మిసిసిపీ నదికి ఆవలకు తరలించు చట్టముపై చేవ్రాలు చేసెను. ఆ చట్టము ప్రతినిధుల సభలో 102 మంది యనుకూలురు, 97 మంది వ్యతిరేకులుగా నెగ్గినది. కావున అది యధర్మమని తలచినవారు ఆ దేశముననే యెందఱో కలరని మనము మఱువరాదు. చెరోకీల పక్షమున నిలిచిన వూస్టరను మతబోధకుని జార్జియా ప్రభుత్వము చెఱసాలలో పెట్టగా, 1832లో సర్వోన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయాధిపతి మార్షలు, చెరోకీల దేశమున జార్జియా చట్టములు చెల్లవని తీర్పు చెప్పెను. వ్యాజ్యము గెలిచిరి. కాని ఆ తీర్పును నిలువబెట్టుటకు జాక్సను పూనుకొనలేదు. ఆ సంవత్సరముననే జార్జియావారు చెరోకీల పొలములను లాటరీ వేసి తమవారికి పంచిపెట్టిరి.

1835లో చెరోకీలలో కొలదిమంది, జాతిపెద్దల యనుమతి లేకయే, 50 లక్షల డాలర్లకు దేశమును విడిచిపెట్టునట్లు ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. ఉమ్మడి యాస్తిని ఇంటి యజమాని యెఱుగకుండ ఒక దాయాది విక్రయించినచో ఆ దస్తావేజు చెల్లునా? పెద్దలు మీరే చెప్పగలరు. వారి నాయకుడు జాన్ రాసు 15,000కు పైగా చేవ్రాళ్లతో అభ్యంతరము తెలిపెను. ఐనను పై సభ ఒక్క వోటు అధిక్యముచే దానిని స్థిరపఱచెను. 1838లో సైనికులు వచ్చి ఇండ్లనుండి జనులను వెడలించి, కంచెలు వేసిన శిబిరములలో నుంచిరి. వేసవిలో శిబిరములందు రోగములు ప్రబలెను. తరువాత శీతకాలమున నడకప్రయాణము. గడ్డకట్టిన నదుల నడుమ కొన్ని బృందములు చిక్కుకొనిపోయెను. సుమారు 16,000 మందిలో 4,000 మంది వఱకు మరణించిరని అంచనా. ఆ దారికి 'కన్నీటి బాట' యని పేరు. క్రీకులు, చాక్తాలు, చికసాలు, సెమినోలులలో అధికభాగము గూడ ఇట్లే నేటి ఓక్లహోమా ప్రాంతమునకు వెడలగొట్టబడిరి.

వారు ఖాళీ చేసిన నేలకు ఎవరు వచ్చిరి? యజమానులు వచ్చిరి, వారి వెంట బానిసలు తేబడిరి. 1808నుండి ఆఫ్రికానుండి బానిసల దిగుమతి నిషేధింపబడినది. కావున వర్జీనియా మొదలగు పాత రాష్ట్రములందలి బానిసలను కొని, సంకెళ్లు వేసి, దక్షిణమునకు నడిపించిరి. అంతర్యుద్ధమునకు పూర్వమట్లు చేరినవారు సుమారు 10 లక్షల మంది. తల్లి యొక బేరమునకు, బిడ్డ యొక బేరమునకు పోవుట సామాన్యము. 1820లో అలబామాలో 42,000 మంది బానిసలుండగా 1860లో 4,35,000 మంది యుండిరి. ఒకే నేలనుండి ఒకరు గెంటబడిరి, వేఱొకరు దానికి కట్టబడిరి. ఈ రెండు కథలను బడిలో వేఱు వేఱు పాఠములుగా చెప్పుదుము. అవి యొక్క కథయే.

ఇచట నొక చేదు సత్యమును దాచరాదు. చెరోకీలలో ధనికులు గూడ బానిసలను ఉంచుకొనిరి. 1835 లెక్కలలో వారి దేశమున 1,500 మందికి పైగా బానిసలు కనబడుదురు. జాన్ రాసునకును బానిసలుండిరి. కన్నీటి బాటపై ఆ బానిసలు గూడ నడచిరి. యజమానుల సామానులు మోసిరి. అన్యాయము పొందినవాడు అన్యాయము చేయడనుట లోకమున లేదు.

పడమట క్రొత్త భూమి చేరినప్పుడెల్ల అందు బానిసత్వముండవలెనా కూడదా యను తగవు తప్పదాయెను. 1803లో ఫ్రాన్సునుండి కోటిన్నర డాలర్లకు లూసియానా దేశమును కొనగా దేశ వైశాల్యము రెట్టింపైనది. 1820లో అందు 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశమును గీతగా గీసి, దానికి ఉత్తరమున, మిసౌరీలో తప్ప, బానిసలు కూడదని రాజీపడిరి. 1848లో మెక్సికోనుండి మఱింత భూమి లాగుకొనగా తగవు పెరిగెను. 1854లో పాత గీతను చెఱిపివేయగా కాన్ససు ప్రాంతమున రక్తపాతము జరిగినది. తుదకు 1861లో అంతర్యుద్ధము వచ్చి, నాలుగేండ్లు సాగి, 1865లో బానిసత్వము రద్దయినది. ఆ యుద్ధకాలమున ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి రాక నిలిచిపోగా మన దేశపు పత్తికి ధర పెరిగి, కాకినాడ రేవునుండి గూడ ఓడలకు పత్తి యెక్కినది. అంత దూరపు తగవు మన పొలము గట్టువఱకు వచ్చినదన్నమాట.

బానిసలకు స్వేచ్ఛ వచ్చినది గాని ఇండియనులకు భూమి మఱల రాలేదు. 1862 చట్టము వలసవచ్చినవారికి కుటుంబమునకు 160 ఎకరములు చొప్పున ఇచ్చుచుండగా, 1887 చట్టము ఇండియనుల యుమ్మడి భూమిని ముక్కలు చేసి, మిగులు భూమి యని చాలభాగము పరులకు అమ్మించెను. 1887లో వారికి 13 కోట్ల 80 లక్షల ఎకరములుండగా 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలు మిగిలెను.

ఐనను కథ ముగియలేదు. చెరోకీ జాతి నేడును కలదు. ఆ జాతి పౌరులు 4 లక్షలకు మించి యున్నారు. సెక్వోయా యక్షరములను వారి పిల్లలు నేటికిని దిద్దుచున్నారు. చెరోకీలు విడిచిపెట్టిన బానిసలకు 1866 నాటి ఒడంబడిక పౌరహక్కులు ఇచ్చియుండెను. వారి సంతతి చిరకాలము పోరాడగా, 2017లో ఆ హక్కులు నేటికిని చెల్లునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఈ మాఱు ఆ తీర్పును చెరోకీ ప్రభుత్వము శిరసావహించినది. 1832 నాటి తీర్పునకు కలుగని మర్యాద దీనికి కలిగినది.

నన్ను ప్రశ్న యడిగిన బాలుడు నేడు పెద్దవాడై యుండును. అతడెచ్చటనైన వినుచున్నచో నా యుత్తరమిది: నాయనా, ఆ భూమి ఖాళీగా లేదు. పటము గీసినవారు అచ్చటివారి పేళ్లను వ్రాయలేదు. నేను వ్రాయనిదానిని లేనిదిగా చెప్పితిని. పిల్లలు అడుగు ప్రశ్నకు మనకు సమాధానము తెలియనిచో "తెలియదు, విచారించి చెప్పెదను" అనుట గురువునకు చిన్నతనము కాదు. "కూర్చో" అనుటయే చిన్నతనము.