మంచుపై ఆమ్లవాయువు

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న శ్రీహరికోట నుండి రాకెట్టు లేచినపుడు నెల్లూరు తీరవాసులు ఆ తెల్లని పొగచారను దూరం నుండియే చూడగలరు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అక్కడి నుండియే ఎగిరినది. ఆ దీవి 2022లో తిరుపతి జిల్లాలో చేరినను, మన వాడుకలో అది ఇంకను నెల్లూరు తీరమే.

ఆ పొగలో ఏమున్నది? పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉండును. అందులో అధికభాగం అమ్మోనియం పెర్‌క్లోరేటు. అది మండగా దానిలోని క్లోరిన్ ప్రధానంగా హైడ్రోజన్ క్లోరైడు వాయువై వెలువడును. లెక్క వేసినచో ఇంధనపు బరువులో అయిదవ వంతు, అనగా 25 టన్నులకు పైమాటే. నీటిలో కరిగినపుడు దీనినే తెలుగు పుస్తకాలు ఉదజహరికామ్లమనును. మన ఉర్దూ మిత్రులు ‘నమక్ కా తేజాబ్’ అందురు. ఉప్పు నుండి పుట్టిన ఆమ్లమని తెలిపే ఆ పేరే నాకు ఎక్కువ సొగసుగా తోచును.

తీరపు తేమగాలిలో ఈ వాయువు నీటి బిందువులలో వెంటనే కరిగిపోవును. కాని రాకెట్టు అక్కడ ఆగదు. మన నెత్తిపై సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున, మండువేసవిలో సైతం, చలి సున్నాకు దిగువ 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. అచ్చట మేఘమంటే మంచు పలుకులే. తిరుపతి సమీపాన గాదంకిలో లేజరు కిరణాలతో ఇట్టి పలుచని మేఘాలను పరిశీలించుచున్నారు. ఆ మంచును తాకిన ఆమ్లవాయువు అణువు అంటుకొనునా, ఎగిరిపోవునా?

ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం వచ్చినది అంటార్కిటికా వలన. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అచ్చటి ఓజోన్ తరుగుదలను ప్రకటించిరి. మంచుకు అంటిన హైడ్రోజన్ క్లోరైడు క్లోరిన్ నైట్రేటుతో కలిసి క్లోరిన్ వాయువును విడుదల చేయుననియు, సూర్యరశ్మిలో అది విడిపోయి ఓజోనును హరించుననియు పిదప తేలినది. అచ్చటి క్లోరిన్ రాకెట్లది కాదు; అత్యధికభాగం శీతల యంత్రాలలోను, తుంపర డబ్బాలలోను వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లది.

ఒక్క అణువు మంచును తాకుటను కంటితో చూడలేము. అందుచే కంప్యూటరులో మంచును కట్టుదురు. వందలాది నీటి అణువులను పేర్చి, వాటి నడుమ ఆకర్షణ వికర్షణల సూత్రాలను ఇచ్చి, పైనుండి ఒక ఆమ్లవాయువు అణువును విసరుదురు. పిదప పని అంతయు న్యూటన్ నియమాలదే. సెకనులో పది కోట్ల కోట్లవ వంతు చొప్పున కాలాన్ని జరుపుచు, ప్రతి అడుగులోను ప్రతి అణువు స్థానాన్ని లెక్కింతురు.

1992లో క్రోస్, క్లారీ ఇట్లు చేసి చూడగా, ఆ చలిలో వచ్చిన అణువులు దాదాపు అన్నియు అంటుకొనెను. రాతిపై పడిన గోళీ ఎగురును. సముద్రపు ఇసుకలో పడినది నిలుచును. వచ్చిన అణువు వేగం మంచు కంపనాలలో పంచబడిపోవును. మంచు లోపలి ప్రతి నీటి అణువుకు నలుగురు పొరుగువారుండగా, పైపొరలోని వాటిలో అనేకంటికి ఒక బంధం కొరతపడును. ఆ కొరతయే అతిథిని పట్టుకొనును: వాయువులోని హైడ్రోజన్ నీటిలోని ఆక్సిజన్ వైపు తిరిగి నిలుచును.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఆ లెక్కలో హైడ్రోజన్ క్లోరైడు విరగని అణువుగానే మొదలైనది; విరుగుటకు సూత్రంలోనే వీలు లేదు. మనమివ్వని దానిని యంత్రం మనకు తిరిగి ఇవ్వదు. ఆమ్లం అయానులుగా విడిపోవునా అని తెలియవలెనన్న క్వాంటం గణితాన్ని కలుపవలెను. 1996లో గెర్ట్‌నర్, హైన్స్ సున్నాకు దిగువ 83 డిగ్రీల చలికి అట్లు లెక్కించిరి. పైపొర నీటి అణువుల నడుమ ఇమిడిన హైడ్రోజన్ క్లోరైడు తన ప్రోటానును పొరుగు నీటికి సులభంగా ఇచ్చివేయునని చూపిరి. అనగా అంత గడ్డకట్టిన చలిలో సైతం, అది నిజంగా తేజాబే.