స్టెమ్ ప్రోగ్రామ్‌లో మీ పిల్ల చేతికి పని ఉందా?

రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న బీర్‌గావ్ పారిశ్రామిక పట్టణం. పక్కనే ఉర్లా, ఇంకాస్త ముందుకు వెళితే సిల్తరా. చుట్టూ స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు. ఇలాంటి ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి బడి నుంచి స్టెమ్ ప్రోగ్రామ్ అంటూ ఫీజు కాగితం వస్తే ఏం చూసి నిర్ణయించుకోవాలి? స్టెమ్ అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కలిపి పనిచేస్తూ నేర్చుకోవడం. అసలు సంగతి ఆ 'పనిచేస్తూ' అన్నదే.

డబ్బు కట్టే ముందు బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో అడగండి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఎంపికైన బడులకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చి ఈ ల్యాబులు పెట్టించింది. ఇవి 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీ బడిలో ఉంటే వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారో కనుక్కోండి. తాళం వేసిన గదిలో త్రీడీ ప్రింటర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆ తర్వాత ఒక క్లాసు చూడనివ్వమనండి. ఒక్క కిట్టు చుట్టూ ఆరుగురు కూర్చుంటే ఇద్దరు వైర్లు కలుపుతారు, మిగిలినవాళ్లు చూస్తారు. ఆ చూసేవాళ్లలో మీ అమ్మాయి ఉంటే ఫీజు కట్టింది చూడటానికే. ఎల్‌ఈడీ వెలగలేదనుకుందాం. దానిలో కరెంటు ఒకవైపే వెళుతుంది కాబట్టి తిప్పి పెడితే వెలగవచ్చు. టీచరు తానే వచ్చి తిప్పేస్తున్నారా, పిల్లలు కనిపెట్టేదాకా ఆగుతున్నారా? నన్నడిగితే బ్రోచరు మొత్తం కంటే ఈ ఒక్క నిమిషం ఎక్కువ చెబుతుంది.

భాష సంగతి చాలామంది అడగరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కిట్టు పుస్తకం ఇంగ్లీషు. పాఠం అర్థం కాకా, పదం అర్థం కాకా పిల్లవాడు వెనకబడ్డాడన్నది తేల్చుకోవాలి. సాయంత్రం "ఇవాళ ఏం చేశారు?" అనకండి, "రోబో చేశాం" అనే జవాబొస్తుంది. "నువ్వు ఏ వైరు కలిపావు? పనిచేయకపోతే ఏం చేశావు?" అని అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి.

ఊరి ప్రశ్నకు ఆ ప్రోగ్రామ్‌లో చోటుందా అన్నదీ చూడాలి. డాబా మీద పేరుకునే దుమ్మునే తీసుకోండి. తెల్ల అట్టముక్కలకు వ్యాసలైన్ రాసి ఒకటి డాబా మీద, ఒకటి ఇంట్లో వారం రోజులు ఉంచి భూతద్దంతో రేణువులు లెక్కపెట్టవచ్చు. డాబా మీద ఊడ్చిన దుమ్ముకు ప్లాస్టిక్ కవరు చుట్టిన అయస్కాంతం తగిలిస్తే అందులో ఇనుము ఉందేమో తెలుస్తుంది. ఖర్చు దాదాపు లేదు. ఇలాంటి ఆలోచనలను బడి ద్వారా కేంద్రం వారి ఇన్‌స్పైర్-మానక్‌కు పంపవచ్చు. ఎంపికైతే విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తారు.

అందరు పిల్లలకూ రోబోలే నచ్చాలని లేదు. మొక్కలో, నక్షత్రాలో ఇష్టమైన పిల్లకు కోడింగ్ తప్ప ఏమీ లేని ప్రోగ్రామ్ సరిపోదు. ముందు ఒక ఆదివారం రాయ్‌పూర్‌లోని సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లి, ఏ ప్రదర్శన దగ్గర ఎక్కువసేపు నిలబడుతుందో గమనించండి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటే నెల రోజులు చూసి కడతామనండి. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతలో తీసుకోండి.